ఓట్లు చీల్చింది ఎవరు?



ఎన్నికల ఫలితం వచ్చిన మర్నాడు ఊళ్ళో ఒక మాట వినపడుతుంది. రచ్చబండ దగ్గర వినపడుతుంది. బోరింగు దగ్గర వినపడుతుంది. "ఆమె నిలబడబట్టే మనోడు ఓడిపోయాడు. ఆమె ఓట్లు చీల్చింది." ఈ మాట అనేవాళ్ళు ఓడినాయన్ని ఏమీ అనరు. గెలిచినాయన్నీ ఏమీ అనరు. మూడో మనిషినే అంటారు. ఆ మూడో మనిషి ఆడమనిషి అయితే ఇంకో నాలుగు మాటలు ఎక్కువే పడతాయి.

ఆ మాటలో నిజం ఎంత? లెక్క వేసి చూస్తే తెలుస్తుంది.

ఒక ఊరు ఉంది అనుకోండి. ఆ ఊళ్ళో సర్పంచి ఎన్నిక. పోలైన ఓట్లు 1000. ముగ్గురు నిలబడ్డారు. ఒకాయన పాత సర్పంచి. ఇంకొకాయన కాంట్రాక్టరు. సర్పంచి ఎన్నికలో పార్టీ గుర్తులు ఉండవు. అయినా ఎవరు ఏ పార్టీ మనిషో ఊరందరికీ తెలుసు. వీళ్ళిద్దరూ పదిహేనేళ్ళ నుంచీ ఒకరి మీద ఒకరు పోటీ చేస్తున్నారు. ఒకసారి ఆయన, ఒకసారి ఈయన. ఎవరు గెలిచినా మంచినీళ్ళ ట్యాంకు నిండలేదు. బెల్టుషాపు మూతపడలేదు. పొదుపు సంఘం ఆడవాళ్ళు విసిగిపోయారు. సంఘంలో ఒకామెను నిలబెట్టారు. ఆమె మూడో మనిషి.

ఓట్లు లెక్కపెట్టారు. పాత సర్పంచికి 400. కాంట్రాక్టరుకు 370. సంఘం ఆమెకు 230. పాత సర్పంచి గెలిచాడు. కాంట్రాక్టరు 30 ఓట్లతో ఓడిపోయాడు. వెంటనే కాంట్రాక్టరు మనుషులు సంఘం ఆమె ఇంటిమీదికి వచ్చారు. "మా ఓట్లు చీల్చావు గదమ్మా!" అన్నారు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. పాత సర్పంచికి 400 మంది ఓటు వేశారు. 600 మంది వేయలేదు. అయినా ఆయనే గెలిచాడు. ఎందుకంటే రూలు అలా ఉంది. సగం మంది ఒప్పుకోవాలని రూలు లేదు. మిగతావాళ్ళ కంటే ఒక్క ఓటు ఎక్కువ వస్తే చాలు. సర్పంచి ఎన్నికలో ఇదే రూలు. ఎమ్మెల్యే ఎన్నికలో ఇదే రూలు. ఎంపీ ఎన్నికలోనూ ఇదే.

ఈ రూలు ఎంత పని చేస్తుందో పెద్ద ఎన్నికల్లో ఇంకా బాగా కనపడుతుంది. 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో శాసనసభ ఎన్నికలు జరిగాయి. అప్పుడు మొత్తం స్థానాలు 294. కాంగ్రెసు ఒకవైపు. తెలుగుదేశం, టీఆర్‌ఎస్‌, సీపీఐ, సీపీఎం కలిసిన మహాకూటమి ఇంకోవైపు. మధ్యలో కొత్త పార్టీ ఒకటి వచ్చింది. అది సినిమా నటుడు చిరంజీవి 2008లో పెట్టిన ప్రజారాజ్యం. కాంగ్రెసుకు నూటికి 36, 37 ఓట్లు వచ్చాయి. 156 స్థానాలు గెలిచింది. అంటే సగానికి పైగా స్థానాలు. నూటికి 63 మంది వేరేవాళ్ళకు ఓటు వేసినా ప్రభుత్వం కాంగ్రెసుదే. ప్రజారాజ్యానికి నూటికి 16 ఓట్లు వచ్చాయి. స్థానాలు మాత్రం 18. తెలుగుదేశానికి 92.

"చిరంజీవి ఓట్లు చీల్చాడు. అందుకే కాంగ్రెసు గెలిచింది" అని అప్పుడు చాలామంది అన్నారు. ఆ మాట ఏళ్ళ తరబడి నడిచింది. 2011లో ప్రజారాజ్యం పోయి కాంగ్రెసులోనే కలిసింది. దాంతో ఆ మాటకు ఇంకా బలం వచ్చింది.

ఇప్పుడు 2024 చూడండి. రాష్ట్రం విడిపోయిన తర్వాతి ఆంధ్రప్రదేశ్. మొత్తం స్థానాలు 175. జనసేన నాయకుడు పవన్ కల్యాణ్ రెండేళ్ళ ముందే, 2022 మార్చిలో, ప్రభుత్వ వ్యతిరేక ఓటు చీలకుండా చూస్తానని సభలో చెప్పారు. చెప్పినట్టే తెలుగుదేశం, జనసేన, బీజేపీ కలిసి పోటీ చేశాయి. 164 స్థానాలు గెలిచాయి. వైఎస్సార్ కాంగ్రెసుకు నూటికి 39 ఓట్లు వచ్చాయి. స్థానాలు ఎన్ని? 11.

ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాసుకోండి. 2009లో నూటికి 36, 37 ఓట్లు వచ్చిన పార్టీ రాజ్యం ఏలింది. 2024లో నూటికి 39 వచ్చిన పార్టీకి 11 స్థానాలు. ఎక్కువ ఓట్లు వచ్చినా తక్కువ సీట్లు. తేడా ఎక్కడుంది? ఎదుటివాళ్ళు విడివిడిగా నిలబడ్డారా, కలిసి నిలబడ్డారా అన్నదాంట్లో ఉంది. అందుకే ఓట్లు చీలడం అబద్ధం అని ఎవరూ అనలేరు. చీలిక నిజం. దాని లెక్క నిజం. తప్పు ఎవరిమీద వేస్తున్నారన్నదే పేచీ.

మళ్ళీ ఆ ఊరి లెక్కకు రండి. "మా ఓట్లు" అన్నారు కాంట్రాక్టరు మనుషులు. ఆ 230 ఓట్లు వాళ్ళవి ఎప్పుడయ్యాయి? ఓటు అనేది బర్రె కాదు, ఒకరి కొట్టంలో నుంచి ఇంకొకరు తోలుకుపోయారు అనడానికి. పెట్టెలో పడేదాకా అది వేసే మనిషిది.

సంఘం ఆమె నిలబడలేదు అనుకోండి. ఆ 230 మంది ఏం చేసేవాళ్ళు? 120 మంది కాంట్రాక్టరుకు వేసి, 60 మంది పాత సర్పంచికి వేసి, 50 మంది ఇంట్లోనే ఉండిపోతే? కాంట్రాక్టరుకు 490. పాత సర్పంచికి 460. కాంట్రాక్టరు గెలుస్తాడు. ఇంకోలా చూడండి. 90 మంది కాంట్రాక్టరుకు, 80 మంది పాత సర్పంచికి వేసి, 60 మంది గడప దాటకపోతే? కాంట్రాక్టరుకు 460. పాత సర్పంచికి 480. అప్పుడూ పాత సర్పంచే. ఆమె ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. ఇన్ని లెక్కలు ఉన్నాయి. కాంట్రాక్టరు మనుషులు మాత్రం 230 ఓట్లూ తమ ఖాతాలోనే రాసుకున్నారు. వడ్డీ వ్యాపారి కూడా అంత ధైర్యంగా రాసుకోడు.

ఈ పేచీ దేశాలు దాటిన పేచీ. తెలుగు పిల్లలు చాలామంది చదువుకనీ, ఉద్యోగానికనీ పోయే అమెరికాలో 2000 సంవత్సరంలో అధ్యక్షుడి ఎన్నిక జరిగింది. అక్కడ రెండు పెద్ద పార్టీలు. ఒక పార్టీ తరఫున జార్జి బుష్. ఇంకో పార్టీ తరఫున అల్ గోర్. మూడో మనిషి రాల్ఫ్ నాదర్. కార్లలో పోయేవాళ్ళ ప్రాణాల కోసం కార్ల కంపెనీలతో పోట్లాడి పేరు తెచ్చుకున్న మనిషి ఆయన. అమెరికాలో అధ్యక్షుడి లెక్క రాష్ట్రాల వారీగా ఉంటుంది. ఆ ఏడు అంతా ఫ్లోరిడా అనే ఒక్క రాష్ట్రం మీద ఆగిపోయింది. అక్కడ దాదాపు 60 లక్షల ఓట్లు పడ్డాయి. బుష్ గెలిచింది ఎంతతో? 537 ఓట్లతో. ఫ్లోరిడాలో నాదర్‌కు వచ్చిన ఓట్లు 97,488.

ఇక తిట్లు మొదలయ్యాయి. గోర్ మనుషులు ఏళ్ళ తరబడి నాదర్‌ను తిట్టారు. కానీ ఫ్లోరిడా కాగితం మీద ఇంకా చిన్న పార్టీల పేర్లు ఉన్నాయి. వాళ్ళలో అందరికంటే తక్కువ వచ్చినాయనకు కూడా 562 ఓట్లు వచ్చాయి. అదీ 537 కంటే ఎక్కువే. మరి ఆయన్ను ఎవరూ తిట్టలేదే! ఆయన పేరే ఎవరికీ గుర్తు లేదు. ఓటు వేయకుండా ఇంట్లో ఉన్నవాళ్ళు లక్షల మంది. వాళ్ళనూ ఎవరూ తిట్టలేదు. ఓడినవాళ్ళకు వేలు చూపడానికి ఒక మొహం కావాలి. పేరున్న మొహం దొరికితే మరీ సుఖం.

అయితే నాదర్‌కు వేసినవాళ్ళ బాధ కూడా చిన్నది కాదు. వాళ్ళలో కొందరికి గోర్ అంటే పెద్ద ఇష్టం లేదు. బుష్ అంటే భయం. తమకు నచ్చిన మనిషికి వేశారు. తాము భయపడిన మనిషి గెలిచాడు. ఆ రాత్రి వాళ్ళకు నిద్ర పట్టి ఉండదు. ఇలాంటి చోట ఒక అక్క "నాకు నచ్చినామె గెలవదు. కనీసం ఆ దుర్మార్గుడు రాకుండా రెండో ఆయనకు వేస్తాను" అనుకుంటే అది పిరికితనం కాదు. అదీ ఆలోచనే. ఇంకో అక్క "గెలిచినా ఓడినా నా మనసులో మాట లెక్కలోకి రావాలి" అని మూడో మనిషికే వేస్తే అది ఓటు పారేసుకోవడమూ కాదు. ఇద్దరూ తమ ఓటు తామే వేశారు. భర్త చెప్పాడనో, మేస్త్రీ చెప్పాడనో, చేతిలో నోటు పెట్టారనో వేసిన ఓటుకూ ఈ రెండు ఓట్లకూ చాలా దూరం ఉంది.

ఇంకొకటి. ఈరోజు పెద్ద పార్టీలు ఒకనాడు కొత్తవే. ఎన్టీ రామారావు 1982 మార్చిలో తెలుగుదేశం పెట్టారు. అప్పుడూ "సినిమా ఆయనకు ఓటు వేస్తే దండగ" అన్నవాళ్ళు లేకపోలేదు. 1983 జనవరిలో ఆ పార్టీ 200కు పైగా స్థానాలు గెలిచింది. అందరూ దండగ అనుకుని ఉంటే ఆ పార్టీ మొలకలోనే వాడిపోయేది. అందరికీ అలా జరుగుతుందా అంటే, జరగదు. 2009లో లోక్‌సత్తా రాష్ట్రమంతా తిరిగి కూకట్‌పల్లి ఒక్కటే గెలిచింది.

గెలవడానికి కాక, మాట వినిపించడానికి నిలబడేవాళ్ళు కూడా ఉంటారు. నల్గొండ జిల్లా సంగతి ముసలివాళ్ళకు తెలుసు. అక్కడ బావుల నీళ్ళలో, బోర్ల నీళ్ళలో ఫ్లోరైడు. ఆ నీళ్ళు తాగి పిల్లల పళ్ళు గారపట్టేవి. పెద్దల నడుములు వంగిపోయేవి. కాళ్ళు వంకర పోయేవి. బిందెడు మంచినీళ్ళ కోసం ఆడవాళ్ళు ఎంతెంత దూరమో నడిచేవాళ్ళు. పక్కనే కృష్ణా నది. ఆ నీళ్ళు ఇవ్వండని అర్జీలు పెట్టారు. ధర్నాలు చేశారు. ఎవరూ వినలేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో జల సాధన సమితి వాళ్ళు ఒక ఉపాయం చేశారు. బాధ పడేవాళ్ళనే నామినేషన్ వేయమన్నారు. ఒకరి తర్వాత ఒకరు వేశారు. నల్గొండ ఒక్క స్థానానికి అభ్యర్థులు ఎంతమందో తెలుసా? 480 మంది!

అప్పుడు ఓటింగు యంత్రాలు లేవు. కాగితం మీద ముద్ర వేయాలి. 480 పేర్లు, 480 గుర్తులు ఒక్క కాగితం మీద ఎలా పడతాయి? ఎన్నికల అధికారులు తల పట్టుకున్నారు. దేశమంతా నల్గొండ వైపు చూసింది. ఎందుకింతమంది అని అడిగారు. నీళ్ళ కోసం అని జవాబు వచ్చింది. ఎన్నికలో సీపీఐ నాయకుడు ధర్మభిక్షం గెలిచారు. మిగిలినవాళ్ళలో ఇంచుమించు అందరికీ ధరావతు పోయింది. ధరావతు అంటే నామినేషన్ వేసేటప్పుడు కట్టే డబ్బు. పోలైన చెల్లే ఓట్లలో ఆరో వంతు దాటకపోతే అది తిరిగి రాదు. అప్పట్లో లోక్‌సభకు ధరావతు 500 రూపాయలు. ఆ ఏడే దాన్ని 10,000 చేశారు. తర్వాత 25,000 అయింది. ఎస్సీ, ఎస్టీలకు అందులో సగం. నీళ్ళ కంటే ధరావతు పెంచడమే ముందు జరిగిపోయింది. కృష్ణా నీళ్ళు పైపుల్లో ఊళ్ళకు రావడానికి ఏళ్ళు పట్టింది.

అలాంటిదే 2019లో నిజామాబాద్‌లో జరిగింది. పసుపుకు, ఎర్రజొన్నకు ధర లేదు. పసుపు బోర్డు కావాలని రైతులు అడిగి అడిగి అలిసిపోయారు. 178 మంది రైతులు ఎంపీ స్థానానికి నిలబడ్డారు. మొత్తం అభ్యర్థులు 185 మంది. ఒక్కో పోలింగు కేంద్రంలో 12 ఓటింగు యంత్రాలు వరసగా పెట్టాల్సి వచ్చింది. బీజేపీ అభ్యర్థి అరవింద్ 70,875 ఓట్ల తేడాతో గెలిచారు. అప్పటి ఎంపీ, ముఖ్యమంత్రి కూతురు కవిత ఓడిపోయారు. రైతులందరికీ కలిపి 90 వేలకు పైగా ఓట్లు పడ్డాయి. తేడా కంటే రైతుల ఓట్లే ఎక్కువ! మరి రైతులు ఆమె ఓట్లు చీల్చారా? లేక ప్రభుత్వం మీద కోపంతో అరవింద్‌కు పడాల్సిన ఓట్లు చీల్చారా? రెండు రకాలుగానూ వాదించవచ్చు. రైతులు మాత్రం పసుపు గురించే అడిగారు. 2023లో కేంద్రం పసుపు బోర్డు ప్రకటించింది. 2025 జనవరిలో అది నిజామాబాద్‌లో మొదలైంది.

ఇక దొంగ చీలిక ఒకటి ఉంది. దానికి మాత్రం తిట్లు చాలవు. డబ్బున్నవాళ్ళు ఒక అమాయకుణ్ణి తెచ్చి, ధరావతు తామే కట్టి నిలబెడతారు. ఎదుటి మనిషి పేరే ఉన్నవాణ్ణి వెతికి మరీ తెస్తారు. 2004లో కేరళలోని ఆలప్పుళలో వి.ఎం. సుధీరన్ అనే పెద్ద నాయకుడు ఎంపీ పదవికి పోటీ చేశారు. ఆయనకు మంచి పేరు ఉంది. కానీ అదే ఎన్నికలో వి.ఎస్. సుధీరన్ అని ఇంకొకాయన కూడా ఉన్నాడు. వి.ఎం. సుధీరన్ 1,009 ఓట్లతో ఓడిపోయారు. ఆ రెండో సుధీరన్‌కు 8 వేలకు పైగా ఓట్లు పడ్డాయి. ఒకరి పేరు ముందు 'ఎం'. ఇంకొకరి పేరు ముందు 'ఎస్'. ఒక్క అక్షరం తేడా. ఆ 8 వేల మందిలో ఎంతమంది ఆ అక్షరం చూడకుండా వేశారో!

గుర్తులు కూడా ఇలాగే మోసం చేస్తాయి. ఒకదాన్ని పోలిన గుర్తు ఇంకొకటి కనపడుతుంది. వెలుతురు తక్కువ ఉంటుంది. వెనక వరస నిలబడి ఉంటుంది. చెయ్యి తొందరపడుతుంది. 2015 నుంచి యంత్రం మీది కాగితంలో అభ్యర్థి ఫొటో కూడా పెడుతున్నారు. గుర్తు చూడండి. ఫొటో చూడండి. పేరు చదవండి. ఇంటి పేరు, పొడి అక్షరాలు కూడా చదవండి. చదువు వచ్చిన తర్వాత గుర్తు మీదే ఆధారపడాల్సిన అవసరం లేదు.

ఓట్లు చీలకుండా ఉండే పద్ధతి లేదా? ఉంది. తెలుగు రాష్ట్రాల్లోనే ఉంది. పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలో ఓటరు ఒక్కరికే ముద్ర వేసి ఊరుకోదు. బాగా నచ్చినవారికి 1 వేస్తుంది. తర్వాతివారికి 2. ఆ తర్వాత 3. మొదటి లెక్కలో ఎవరికీ సగం దాటకపోతే, అందరికంటే తక్కువ వచ్చినవాళ్ళను తీసేస్తారు. వాళ్ళ కాగితాల మీద 2 ఎవరికి ఉందో చూసి వాళ్ళకు కలుపుతారు. ఇలా కలుపుతూ పోతారు. 2021 మార్చిలో హైదరాబాద్, రంగారెడ్డి, మహబూబ్‌నగర్ జిల్లాల పట్టభద్రుల స్థానానికి 93 మంది పోటీ చేశారు. మొదటి లెక్కలో ఎవరికీ సగం రాలేదు. తీసేస్తూ, కలుపుతూ రోజుల తరబడి లెక్కపెట్టారు. చివరికి వాణీదేవి గెలిచారు. అమెరికాలో మెయిన్ అనే రాష్ట్రం కూడా 2018 నుంచి పెద్ద ఎన్నికలకు ఇలాంటి పద్ధతే పెట్టుకుంది.

ఆ ఊరి సర్పంచి ఎన్నికలో ఈ పద్ధతి ఉంటే? సంఘం ఆమెకు 1 వేసినవాళ్ళు 2 ఎవరికి వేశారో కాగితమే చెప్పేది. ఇంటిమీదికి వచ్చి అరిచే పని ఉండేది కాదు. కానీ పట్టభద్రుల ఓటు డిగ్రీ చదివినవాళ్ళకే ఉంది. 1, 2, 3 వేయడానికి డిగ్రీ ఎందుకో అడగాల్సిన ప్రశ్నే.

ఆ పద్ధతి అన్ని ఎన్నికలకూ వచ్చేదాకా చీలిక లెక్క ఉంటుంది. ఆ లెక్క ఎన్నికకు ముందే తేల్చుకోవాలి. నామినేషన్లు వేశాక, వెనక్కి తీసుకోవడానికి ఒక గడువు ఉంటుంది. ఆ రెండు రోజులే అసలు బేరం నడిచేది. పెద్ద అభ్యర్థి మనుషులు మూడో మనిషి ఇంటికి వస్తారు. "నువ్వు గెలవవమ్మా. ఓట్లు చీలి వాడు గెలుస్తాడు. తప్పుకో" అంటారు. తప్పుకోమని అడగడంలో తప్పులేదు. అయితే ఊరికే తప్పుకోమంటున్నారా, ఆమె అడుగుతున్న పనికి మాట ఇస్తున్నారా? ట్యాంకు ఎప్పుడు నింపుతారు? బెల్టుషాపు ఎప్పుడు మూయిస్తారు? నలుగురి ముందు చెబుతారా? కాగితం మీద రాస్తారా? మాట ఇస్తే సంఘం కూర్చుని ఆలోచించుకోవచ్చు. ఓటు కోసం వచ్చినవాళ్ళు ఆ పనుల గురించి ఒక్క ముక్క మాట్లాడకుండా "చీల్చొద్దు" అని మాత్రమే అంటే, ఎన్నిక అయ్యాక ఆమెను తిట్టే హక్కు వాళ్ళకు ఎక్కడిది?

కొన్నిచోట్ల భర్తను పిలిచి, మామను పిలిచి ఆమెకు తెలియకుండానే బేరం కుదుర్చుకుంటారు. తర్వాత ఒక కాగితం తెచ్చి "ఇక్కడ సంతకం పెట్టు" అంటారు. అది ఉపసంహరణ పత్రం. దాని మీద అభ్యర్థి సంతకమే ఉండాలి. గడువు రోజు మధ్యాహ్నం 3 గంటల్లోగా అధికారికి అందాలి. ఎమ్మెల్యే, ఎంపీ ఎన్నికల చట్టంలో ఇంకో సంగతి కూడా ఉంది. ఒకసారి ఆ పత్రం ఇచ్చాక, "వద్దు, నేను మళ్ళీ నిలబడతాను" అంటే ఒప్పుకోరు.